గుమ్మడికాయ కొట్టే రోజు

చావు చూడని ఇల్లయినా దొరుకుతుందేమో గాని, నంద్యాలలో ‘పంచనామా’ చూడని ఇల్లు దొరకదు. టీవీలో ఆ సీరియల్ మొదలైనప్పుడు ఉయ్యాల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్నారు. రాష్ట్రంలో ఎక్కడ ఎవరిని ఎవరు చంపినా, కేసు తేలినా తేలకపోయినా, ఆ చావును వేషాలు కట్టి మళ్లీ చూపించడమే దాని పని. ఒక్కటి చాలదన్నట్టు దానికి పిల్లలు కూడా పుట్టాయి. ముందు ‘పంచనామా: మహిళా స్టేషన్’, తర్వాత ‘పంచనామా: పాత కేసులు’, చివరికి మన కొడవళ్లకు కూడా ఒక వాటా పంచి ‘పంచనామా: సీమ’. దానికి మనవాళ్లు కోపం తెచ్చుకోవాలా వద్దా? తెచ్చుకోలేదు. మా ఊరి హత్య ఎప్పుడొస్తుందా అని అన్నం కంచాలు ముందు పెట్టుకుని ఎదురుచూశారు.

తల్లి సీరియల్‌లోనూ పిల్ల సీరియళ్లలోనూ చంపేవాడు మాత్రం చాలావరకు ఒక్కడే. పేరు గోపీనాథ్. మనిషి మెత్తన. ముఖం మాత్రం దేవుడు ఎవడో హంతకుడి కోసం చెక్కి పెట్టుకుంటే, పొరపాటున ఇతనికి తగిలింది. పెళ్లాన్ని కిరోసిన్ పోసి కాల్చాడు, అత్తను దిండు పెట్టి నొక్కాడు, బావమరిదిని పాడుబావిలోకి తోశాడు. ‘సీమ’ మొదలయ్యాక కొడవలి పట్టాడు. నంద్యాల కూరగాయల మార్కెట్లో అతను సంచి చాపితే అమ్మేవాళ్లు అడక్కుండానే రెండు టమాటాలు ఎక్కువ వేస్తారు. బస్సులో అతని పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. అతని విద్యంతా ఒక్కదాంట్లో ఉంది. కొడవలిని ప్రాణం తీసే ఊపుతో దించి, మెడకు బెత్తెడు దూరంలో ఆపేస్తాడు. రబ్బరు కొడవలే అయినా ఆ ఊపులో తగిలితే వాత తేలుతుంది. ఇన్నేళ్లలో అతని చేతికింద ఒక్కరికీ వాత తేలలేదు.

ఇంతమందిని చంపినవాడికి అసలు చావు ఎలా ఉంటుందో చిన్నప్పుడే తెలుసు.

అతని తండ్రి చక్రపాణి ఆచారి ఆళ్లగడ్డలో శిల్పి. ఆ రోజుల్లో ఓబులేసు అనే నాయకుణ్ణి రోడ్డు మీద జీపు ఆపి నరికారు. నరికించింది అతని పగవాడు ప్రభాకర్ అని ఊరంతా అంది, కోర్టులో మాత్రం ఎవరూ అనలేదు. ఓబులేసు మనుషులు అతని విగ్రహం కూడలిలో నిలబెట్టాలనుకుని ఆచారికి పని అప్పజెప్పారు. ప్రభాకర్ కబురు పంపాడు.

“బొమ్మ చేసుకో ఆచారీ, వద్దనను. కండ్లు మాత్రం పెట్టాకు. సచ్చినోడు నన్ను సూడకూడదు.”

శిల్పులకు కళ్లే ఆఖరి పని. కళ్లు తెరిచేదాకా అది రాయి, తెరిచాకే విగ్రహం. ఆచారి, “ఒప్పుకున్న పని సగంలో ఇడ్సేది మా ఇంటావంటా లేదు” అని కబురు తెచ్చినవాడితోనే చెప్పి పంపాడు. మరుసటి రోజు మధ్యాహ్నం సుత్తి పక్కన పెట్టి, సన్న ఉలిని కలంలా పట్టుకుని రెండో కంట్లో పాప గీస్తుండగా వెనకనుంచి వచ్చి నరికారు. గోపీనాథ్ బడినుంచి వచ్చేసరికి తండ్రి విగ్రహం మీద బోర్లా పడి ఉన్నాడు. మెడ సగం తెగి, తల అటు తిరిగి ఉంది. నెత్తురు రాతి మీద నల్లగా గడ్డకట్టింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గరనుంచి లేదు. పోలీసులు బావులు వెతికారు, కాలువ వెతికారు, కుక్కను తెచ్చారు. దొరకలేదు. చెయ్యి లేకుండానే మనిషిని మట్టి చేశారు. సాక్షులు ఒక్కొక్కరే నోరు మార్చుకున్నారు, కేసు కొట్టేశారు. ఒకటిన్నర కన్నుతోనే ఓబులేసు విగ్రహం కూడలిలో లేచింది.

ఆచారి భార్య సుభద్ర కొడుకును తీసుకుని నంద్యాల చేరి, ఒక హాస్టల్లో వంటపనికి కుదిరింది. ఆమె బొట్టు తీయలేదు. దినం నాడు ముత్తైదువలూ విధవలూ కలిసి మీదపడినా తీయనివ్వలేదు. “ఈ బొట్టు పెట్టిన చెయ్యి ఇంగా మట్టికి పోలే. అది పోయిన్నాడు నేనే తుడ్సుకుంటా” అంది. జనం నోటికి అడ్డేముంది, ఏమేమో అన్నారు. ఏటా ఆచారి పోయిన రోజున ఆమె బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, ఆ కూడలిలో దిమ్మె ఎక్కి, ఓబులేసు విగ్రహం కళ్లు కొంగుతో తుడిచి వస్తుంది. మొగుడి చేతి ఆఖరి పని అది. చూసేవాళ్లు ఆమె ఓబులేసుకు చుట్టమేమో అనుకుంటారు.

ఇదిగో, ఆ హత్యే ఇప్పుడు ‘పంచనామా: సీమ’కు ఎక్కింది. డైరెక్టర్ శ్రీహిత హైదరాబాదు పిల్ల. చురుకైనదే గాని, ఆమెకు పాత చావులంటే పాత పాటలంత ఇష్టం. ఈ కేసు తవ్వి తీసి, హంతకుడి వేషం గోపీనాథ్‌కు ఇచ్చింది. అతను ఎవరి కొడుకో ఆమెకు తెలియదు.

గోపీనాథ్ ఆ మాట ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. సుభద్ర బియ్యం చేట పక్కన పెట్టింది.

“నువ్వెవురో ఆయమ్మకు చెప్తివా?”

“లే.”

“చెప్పాకు. వాడొస్తాడు. ప్రభాకరు. ఆ సీరియలు ఒక్కదినం గూడా ఇడ్సడంట. తన కత తీస్తాంటే ఇంట్లో కూచుంటాడా?”

“వస్తే ఏం చేయమంటావుమా?”

“మీ నాయన చెయ్యి యాడ పెట్టినాడో కనుక్కో. నాకు వాని తల వద్దు, వాని నెత్తురు వద్దు. చెయ్యి తెచ్చియ్యి నాయనా, చాలు. దాన్ని మట్టి చేసి, ఈ బొట్టు తుడ్సుకుని, ఒక్క రాత్రన్నా కన్నుమూస్తా.”

అడిగితే చెప్పే రకమా ప్రభాకర్? కాదు. కానీ గోపీనాథ్ ఇన్నేళ్లు ఊరికే చంపలేదు. ‘పంచనామా’ ఎపిసోడ్ వచ్చిన ప్రతిసారీ చానెల్‌కు ఫోన్లు వస్తాయి. “అట్ల కాదు జరిగింది” అని పోట్లాడతారు. ఒకడైతే, “నేను కత్తి రెండుసార్లే దించినా, మీరు నాలుగుసార్లు చూపిస్తారా” అని ఏడ్చినంత పని చేసి, వారం తిరక్కుండా పట్టుబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఊళ్లో సామెత, ఆ ఆఫీసులో రోజూ ఉండేదే. చంపినవాడు చంపలేదనైనా ఒప్పించగలడు గాని, తను చంపిన తీరును ఇంకొకడు తప్పుగా చూపిస్తే మాత్రం ఓర్చుకోలేడు. అందుకని గోపీనాథ్ ఏమీ అడగదలుచుకోలేదు. తప్పుగా చంపదలుచుకున్నాడు.

సుభద్ర అన్నట్టే ప్రభాకర్ మొదటిరోజే వచ్చాడు. అరవై దాటిన మనిషి, మల్లెపువ్వు లాంటి చొక్కా. నంద్యాల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. యూనిట్ మొత్తానికి ఉగ్గాని, బజ్జీలు కారులో వేసుకొచ్చాడు. ఆళ్లగడ్డలో ఒక పాత శిల్పశాలలో, సగం చెక్కిన దేవుళ్ల మధ్య షూటింగు. ఆయనకు డైరెక్టర్ పక్కనే కుర్చీ వేశారు. ఆయన మీదే కేసు నడిచిందని శ్రీహితకు తెలుసు. తెలిసే వేయించింది. కోర్టు వదిలేసింది కాబట్టి ఆమె లెక్కలో ఆయన పెద్దమనిషి, పైగా ఊళ్లో మనిషి.

“మీ సీరియల్లన్నీ సూస్తామ్మా,” అన్నాడు ప్రభాకర్. “మహిళా స్టేషను మాత్రం ఏడుపెక్కువ. సీమదే బాగుండాది. అయితే మీ నెత్తురే బాలేదు. ఏందది, రోజ్‌మిల్కు మాదిరి. రాయి మీద పడిన నెత్తురు నల్లగా తిరుగుతాది.”

మేకప్ వేసుకుంటున్న గోపీనాథ్ చేతిలో దువ్వెన విరిగింది. ఆ నలుపు అతనికి తెలుసు. కడిగినా మూడు వానలదాకా పోలేదు.

షాట్ మొదలైంది. గోపీనాథ్ ఆచారి వేషగాడికి ఎదురుగా వచ్చి, కేకపెట్టి కొడవలి ఎత్తాడు. బెత్తెడు దూరంలో ఆగింది. పిచికారీలోంచి రంగునెత్తురు బొట్టు బొట్టుగా ఎగిరింది. కుర్చీలో ప్రభాకర్ అటూ ఇటూ కదిలాడు.

“ఎదురుంగ యాడ పోతారప్పా? పోతే ఉలితో పొడుస్తాడు. ఎనకనుంచి, రాయి మీద వంగినప్పుడు గదా పోవాల్సింది,” అన్నాడు. మళ్లీ తమాయించుకుని, “జనం చెప్పుకుంటాంటే ఇన్యా” అని నవ్వాడు.

శ్రీహిత కళ్లు మెరిశాయి. ఆయన చెప్పినట్టే షాట్ మళ్లీ తీసింది. రెండో రోజు గోపీనాథ్ ముందు చెయ్యి నరికి, తర్వాత మెడ నరికాడు. ప్రభాకర్ కుర్చీలోంచి సగం లేచాడు. “మెడ ముందు! చెయ్యి తర్వాత! బతికున్నోని చెయ్యి పట్టుకుంటే నిలుస్తాదా?” ఈసారి జనం చెప్పుకున్నారని అనడం కూడా మరిచిపోయాడు. పాపం, ఆయనకు మాత్రం ఎవరున్నారు? చేసిన పని చెప్పుకునేందుకు ఇన్నేళ్లుగా నోరు పీకుతోంది. అడిగినవాడు లేడు.

గోపీనాథ్ తల వంచుకుని, “సరే పెద్దాయనా, నేర్పండి” అన్నాడు.

మూడో రోజు ఆఖరి రోజు. సినిమావాళ్లకు షూటింగు అయిపోతే గుమ్మడికాయ కొట్టే ఆనవాయితీ ఉంది గదా, ‘పంచనామా’ వాళ్లకు అందులో ఇంకో పట్టింపు ఉంది. కాయను నేలకేసి పగలగొట్టరు. ఆ ఎపిసోడ్‌లో చంపినవాడే నిజం కొడవలితో ఒక్క వేటుకు నరకాలి. వేషంలో చేసిన పాపం కాయతో పోవాలని. అందుకని ఆ ఒక్క రోజు మాత్రం సెట్టులోకి పదునున్న కొడవలి వస్తుంది. సామాన్లు చూసుకునే సంపత్ దాన్ని గడివేములలో కమ్మరి దగ్గర సాన పట్టించి, తుండుగుడ్డలో చుట్టి తెస్తాడు. బూడిద గుమ్మడికాయ పక్కన, కర్పూరం బిళ్లల పక్కన పెడతాడు. తను రంగు వేసిన రబ్బరు కొడవలికీ దానికీ పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదని సంపత్‌కు గర్వం.

ఆరోజు తీయాల్సింది చెయ్యి మాయమైన సంగతి. స్క్రిప్టులో హంతకుడు ఆ చెయ్యిని తీసుకెళ్లి కె.సి. కాలువలో విసిరేస్తాడని ఉంది. గోపీనాథ్ మైనపు చెయ్యి పట్టుకుని, కెమెరా వైపు తిరిగి, “కాలవలో చేపలకేస్తా” అన్నాడు. ఆ మాట స్క్రిప్టులో లేదు.

“కాలవలో యాడ ఏసినారప్పా!” ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. “చేపలకా? చేపలకేసేదానికా అంత కష్టపడింది?”

శ్రీహిత ఆయన దగ్గరికి పోయి, చిన్నపిల్లను బుజ్జగించినట్టు, “అన్నా, మీరే ఒకసారి చేసి చూపించండి. వీళ్లకు అర్థం కావట్లేదు” అంది. వెనక్కి చూడకుండానే కెమెరామన్‌కు వేలు ఊపింది. ఎర్రలైటు వెలిగింది.

ప్రభాకర్‌కు ఇంకేం కావాలి? చొక్కా చేతులు పైకి మడిచాడు. అంతలో గోపీనాథ్ గుమ్మడికాయ దగ్గరికి పోయి, రబ్బరు కొడవలిని తుండుగుడ్డ కింద పెట్టి, నిజం కొడవలి తీసుకున్నాడు. ఎవరూ చూడలేదు. బరువు చేతికి తెలిసింది. ఎందుకు తీసుకున్నావని ఆ క్షణంలో అడిగితే, బెదిరించడానికని చెప్పేవాడేమో. అది అబద్ధం.

ప్రభాకర్ ఆచారి వేషగాణ్ణి పక్కకు నెట్టి, రాతి విగ్రహం మీద తనే వంగాడు. కుడిచేతిలో ఉలి పట్టుకున్నాడు.

“ఇట్ల వంగినాడు. చెవులకు ఏమీ ఇనపళ్లే, పనిలో ఉండాడు గదా. నువ్వు ఎనకనుంచి రా. ఆఁ, ఆడ నిలబడు. మెడ మీద ఒగటి. అరవనుగూడా అరవడు. దాని తర్వాత చెయ్యి రాయి మీద ఇట్ల పరచి…” తన కుడిచెయ్యి రాతి మీద చాపి పెట్టాడు. “మణికట్టు మీద ఏటు. ఒక్కటే. రెండోది పడితే ముక్కలైతాది.”

“ఆ చెయ్యి యాడికి పాయె పెద్దాయనా?” గోపీనాథ్ గొంతు మామూలుగానే ఉంది. అదే అతని వృత్తి.

“వేళ్లు ఉలిని ఇడ్సలే,” అన్నాడు ప్రభాకర్, నవ్వుతూ. “ఒక్కో వేలూ పీకినా రాలే. ఉలితోపాటే సంచిలో ఏసుకుంటిమి. ఆడ కూడలిలో ఓబులేసు బొమ్మకు దిమ్మె కడ్తాండిరి. గుంత తీసి రాళ్లు పరిచినారు, పొద్దున్నే కాంక్రీటు. ఆ రాళ్లెత్తి కింద పెడితిమి. వానికి కండ్లు పెట్టిన చెయ్యి వాని కాళ్లకిందనే ఉండనీ అని. ఎవునికన్నా తట్టునా ఇట్లాటిది? రాసుకో అమ్మా డైరెక్టరూ, రాసుకో.”

గోపీనాథ్‌కు తల్లి కనిపించింది. ఏటా ఆ దిమ్మె ఎక్కి, కొంగుతో రాతి కళ్లు తుడిచే తల్లి. ఆ చేతి మీద కాళ్లు పెట్టి నిలబడి, ఆ చెయ్యి ఎక్కడుందో చెప్పమని ఆ రాతినే అడిగిన తల్లి. చెయ్యి తెచ్చియ్యి చాలన్న మాట ఎటు పోయిందో పోయింది. కొడవలి ఎత్తాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తనంత పైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి ఆ మెడ మీదికి దించాడు.

బెత్తెడు దూరంలో ఆగింది.

అతను ఆపలేదు. చెయ్యే ఆగింది. వందలసార్లు ఆగి ఆగి దానికదే నేర్చుకుంది. గోపీనాథ్ తన చేతివైపు చూసి అసహ్యపడ్డాడు. నా తండ్రి చెయ్యి తెగినా ఉలిని వదల్లేదు, నా చెయ్యి పగవాడి మెడ దగ్గర కూలికి ఆగుతోంది అనుకున్నాడు. యూనిట్ చప్పట్లు కొట్టింది.

“ఇప్పుడు బాగుండాది,” అన్నాడు ప్రభాకర్ పక్కకు తిరుగుతూ.

గోపీనాథ్ వంగి ఆయన చెవిలో చెప్పాడు. “నేను చక్రపాణి ఆచారి కొడుకును.”

ప్రభాకర్ ముందు అతని ముఖం చూశాడు, తర్వాత కొడవలి అంచు చూశాడు. సంపత్ ఎంత రంగు వేసినా రబ్బరు అంచు అలా మెరవదు. అలాంటి అంచులు చూసి బతికినవాడు ఆయన. అరవలేదు. చప్పున ఎడమచేత్తో గోపీనాథ్ గొంతు పట్టి, కుడిచేత్తో కొడవలినే పట్టుకున్నాడు. పిడి దొరకలేదు, పదునున్న అలుగే దొరికింది. పిడికిలి బిగించాడు. అరవై దాటినా అది బండలు మోసిన పట్టు. గోపీనాథ్‌కు ఊపిరి ఆడలేదు. ఇద్దరూ రాతి మీద పడి, దొర్లి, సగం చెక్కిన ఆంజనేయుడి పాదాలకు గుద్దుకున్నారు. గోపీనాథ్ నొసలు పగిలి నెత్తురు కంట్లోకి కారింది. “అద్భుతం, ఆపొద్దు” అంటోంది శ్రీహిత ఎక్కడో.

కొడవలిని వదిలేసి లేచి పరిగెత్తవచ్చు. చెయ్యి ఎక్కడుందో తెలిసింది, కెమెరాకు ఎక్కింది, వచ్చిన పని అయిపోయింది. అలుగు ఆయన పిడికిట్లో ఉండగా లాగితే ఏమవుతుందో కూడా గోపీనాథ్‌కు తెలుసు. ఈసారి చెయ్యి తనంతట తాను ఏమీ చేయలేదు.

లాగాడు.

ప్రభాకర్ కుడిచేతి నాలుగు వేళ్లు రాతి మీద పడ్డాయి. ఒకటి జారి నేలమీద రాతిపొడిలో పడింది. ఆయన వేళ్లు లేని చెయ్యిని ముఖం ముందు పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. అప్పుడు అరిచాడు. నెత్తురు చిమ్మి విగ్రహం గడ్డం మీదుగా కారింది. రంగు విషయంలో ఈసారి ఎవరికీ ఫిర్యాదు లేదు. యూనిట్ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. మొదట చప్పట్లు ఆపింది సంపత్. తుండుగుడ్డ ఎత్తి చూశాడు, రబ్బరు కొడవలి కనిపించింది. “అన్నా…” అన్నాడు.

పోలీసులు వచ్చేదాకా గోపీనాథ్ అక్కడే కూర్చున్నాడు. తన తువ్వాలే ప్రభాకర్ చేతికి గట్టిగా కట్టాడు. ఎందుకు కట్టాడో అతనికే తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ‘పంచనామా’ సెట్టులో నిజం పంచనామా జరిగింది. కొడవలితోపాటు గుమ్మడికాయను కూడా స్వాధీనం చేసుకున్నారు. ఆ కాయ ఎవరూ కొట్టకుండానే స్టేషన్లో కుళ్లిపోయింది.

ఇక న్యాయం సంగతి వినండి. ఆచారిని చంపిన కేసును కోర్టు ఎప్పుడో కొట్టేసింది. కొట్టేసిన కేసు మళ్లీ నిలబడదని, చచ్చిన మనిషి గురించి కెమెరా ముందు ఎంత వాగినా నటన అంటే సరిపోతుందని వకీళ్లు తేల్చారు. వేళ్లు తెగిన కేసు మాత్రం కొత్తది, గట్టిది, చూసిన సాక్షులు యూనిట్ నిండా ఉన్నారు. గోపీనాథ్ జైలుకు పోయాడు. ప్రభాకర్ ఆస్పత్రికి పోయాడు. చానెల్ ఆ ఎపిసోడ్‌ను రెండు భాగాలు చేసి వేసింది. జనం కంచాలు ముందు పెట్టుకుని చూశారు.

చూసినవాళ్లలో ఓబులేసు మనుషులు కూడా ఉన్నారు. వాళ్లకు ఒళ్లు మండింది. ఆచారి కోసం కాదు. తమ నాయకుడి విగ్రహం ఇన్నేళ్లు శవం మీద నిలబడిందని, మైలపడిందని. మరునాడే గడ్డపారలతో వచ్చి దిమ్మె పగలగొట్టారు. ఆచారి కేసులో సాక్ష్యానికి ఒక్కసారి లేవని చేతులు రాయి మైలపడిందంటే మాత్రం ఎంత చురుగ్గా కదిలాయో చూడాలి. దిమ్మె కింద రాళ్లెత్తితే చిన్న చిన్న ఎముకలు, తుప్పుపట్టిన ఉలి దొరికాయి. యూరియా సంచిలో వేసి సుభద్ర చేతికిచ్చారు. “తీస్కపోమ్మా, దోసం” అన్నారు.

చెయ్యి మట్టి చేయడానికి కొడుకు కావాలి. కోర్టు గోపీనాథ్‌ను పోలీసు కాపలాతో ఒక్క పూట వదిలింది. ఆళ్లగడ్డ శ్మశానంలో ఆచారి సమాధి పక్కనే చిన్న గుంత తీశారు. ఎస్కార్టుగా వచ్చిన కానిస్టేబుల్ జీవన్ కుమార్ కుర్రవాడు, మంచివాడు. బేడీని ఎడమచేతికే ఉంచి కుడిచెయ్యి విప్పాడు. గోపీనాథ్ ఆ ఎముకలను తెల్లగుడ్డలో పెట్టి, ఉలి కూడా పక్కనే పెట్టి, మట్టి వేశాడు. మూడు పిడికిళ్లు వేశాక సుభద్ర కొంగు అంచు నీళ్లలో తడిపి నొసలు తుడుచుకుంది. బొట్టు పోయింది. ఆమె ఏడవలేదు. ఏడుపంతా ఏ ఏటికా ఏడు ఆ రాతి ముందే అయిపోయింది.

అప్పుడు కొడుకు దగ్గరికి వచ్చి, మట్టి అంటిన అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది, చిన్నప్పుడు బడినుంచి వస్తే దెబ్బలేమైనా ఉన్నాయేమో చూసినట్టు.

“ఒక్కరికీ వాత తేల్లేదని చెప్తాంటివి గదరా,” అంది.

అతను తల వంచుకున్నాడు. “వాడు పట్టుకున్యాడుమా.”

“పట్టుకున్యాడు. లాగింది ఎవురు?”

అతను చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

“మీ నాయన చెయ్యి తెమ్మంటి. తెస్తివి. నీ చెయ్యి యాడ పెట్టి వస్తివిరా?”

జీవన్ కుమార్ గడియారం చూసుకుని, “అమ్మా, టయమయింది” అన్నాడు. ఆమె వినలేదు. ఇంకోసారి చెప్పాడు. బేడీ రెండో కడియం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు. చివరికి ఆ కుర్రవాడే వంగి, “తప్పదమ్మా” అంటూ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.